ఇంగ్లీషులో థాంక్స్ చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు అంతగా రానివాళ్ళకు కూడా థాంక్స్ అనడం వచ్చు. అందుకే దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. తీరా ఆఫీసులో మెయిల్ రాయాల్సి వచ్చినప్పుడో, ఇంటర్వ్యూ అయ్యాక మెసేజ్ పెట్టాల్సి వచ్చినప్పుడో "ఫర్ పెట్టాలా, టు పెట్టాలా", "థాంకింగ్ యూ అంటే పాత చింతకాయ పచ్చడిలా ఉంటుందా" అని టెన్షన్ మొదలవుతుంది. ఎక్కువమందికి వచ్చే సందేహాలు, వాటికి జవాబులు ఇవి. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇచ్చాను. మనసులో కాకుండా పైకి చదివితే త్వరగా నోటికి పడతాయి.

"థాంక్ యూ", "థాంక్స్" రెండూ ఒకటేనా?

అర్థం ఒకటే, గ్రామర్ వేరు. "థాంక్ యూ"లో థాంక్ అనేది క్రియ. "ఐ థాంక్ యూ" అనే పూర్తి వాక్యంలో ముందున్న "ఐ" రాలిపోయి మిగిలిందే ఇది. "థాంక్స్" నామవాచకం, అదీ బహువచనం. ఈ తేడా ఒక్కటి తెలిస్తే చాలా తప్పులు వాటంతట అవే పోతాయి. "మెనీ థాంక్స్" అనవచ్చు, "మెనీ థాంక్ యూ" అనకూడదు. రెండింటినీ అతికించి "థాంక్స్ యూ" అనడం ఎక్కడా చెల్లదు.

వాడకంలో "థాంక్స్" కాస్త చనువుగా, "థాంక్ యూ" కాస్త నిండుగా ఉంటుంది. పరిచయం లేని పెద్దవాళ్ళకు, మొదటిసారి రాస్తున్న క్లయింటుకు "థాంక్ యూ" మేలు. రోజూ మాట్లాడుకునే కొలీగ్స్ మధ్య మెయిల్ చివర "థాంక్స్" అని రాస్తే అమర్యాద ఏమీ కాదు.

రాసేటప్పుడు "థాంక్ యూ" రెండు విడివిడి మాటలు. "థాంక్స్"లో చివరి ఎస్ ముందు అపాస్ట్రఫీ రాదు. వాక్యం మధ్యలో టి, వై అక్షరాలను పెద్దబడిలో రాయాల్సిన పని కూడా లేదు.

"వెరీ మచ్", "సో మచ్", "ఎ లాట్": ఏది దేనితో కలుస్తుంది?

"థాంక్ యూ వెరీ మచ్", "థాంక్ యూ సో మచ్" రెండూ సరైనవే. మొదటిది నిలకడగా ఉంటుంది, సభలోనూ ఆఫీసులోనూ నప్పుతుంది. రెండోదానిలో కాస్త మనసు కనబడుతుంది. "థాంక్స్"తో సహజంగా కలిసేది "ఎ లాట్": "థాంక్స్ ఎ లాట్". "థాంక్స్ సో మచ్" కూడా బాగా వినిపిస్తుంది. "థాంక్ యూ ఎ లాట్" పూర్తి తప్పు కాదు కానీ ఇంగ్లీషు వాళ్ళ నోట అరుదు. "థాంక్ యూ మచ్" అని ఊరికే ఆపకూడదు, "మచ్" ముందు "వెరీ" గానీ "సో" గానీ ఉండాలి. ఇక "థాంక్ యూ టూ మచ్" వద్దు. "టూ మచ్" అంటే మితిమీరిందని అర్థం.

దేనికి థాంక్స్ చెబుతున్నామో ఎలా చెప్పాలి?

అన్ని ప్రశ్నల్లోకీ ముఖ్యమైనది ఇదే అంటాను. ఒట్టి "థాంక్ యూ" తలుపు పట్టుకున్నవాళ్ళకు చాలు. ఎవరైనా మనకోసం టైమ్ పెట్టినప్పుడు, శ్రమ పడినప్పుడు, వాళ్ళు ఏం చేశారో మనం గమనించామని తెలియాలి. ఆ పని చేసేది "ఫర్".

"ఫర్" తర్వాత రెండే రకాలు వస్తాయి. ఒకటి నామవాచకం: "థాంక్ యూ ఫర్ యువర్ హెల్ప్", "థాంక్స్ ఫర్ ద లిఫ్ట్", "థాంక్ యూ ఫర్ యువర్ టైమ్". రెండోది ఐఎన్‌జీ రూపం: "థాంక్ యూ ఫర్ హెల్పింగ్ మీ", "థాంక్స్ ఫర్ కాలింగ్ బ్యాక్", "థాంక్స్ ఫర్ వెయిటింగ్". ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. "థాంక్ యూ ఫర్ హెల్ప్ మీ" అంటే ఐఎన్‌జీ పోయింది. "థాంక్ యూ టు హెల్ప్ మీ" అంటే "ఫర్" పోయింది. "థాంక్ యూ ఫర్ యువర్ హెల్పింగ్" అంటే రెండు రకాలూ కలగాపులగం అయ్యాయి. "ఫర్ యువర్ హెల్ప్" అనండి, లేదా "ఫర్ హెల్పింగ్" అనండి, ఏదో ఒకటి.

జరగకుండా ఆపినదానికి కూడా థాంక్స్ చెప్పవచ్చు. అప్పుడు "నాట్" ఐఎన్‌జీకి ముందు వస్తుంది: "థాంక్ యూ ఫర్ నాట్ టెల్లింగ్ హిమ్". వాడికి చెప్పనందుకు థాంక్స్ అన్నమాట.

జరిగిపోయిన పనికి కూడా ఐఎన్‌జీయే వాడాలా అని కొందరు అడుగుతారు. అవును. నిన్న వచ్చినవాళ్ళకు ఇవాళ చెప్పినా "థాంక్ యూ ఫర్ కమింగ్ యెస్టర్‌డే" అనే అంటారు. "ఫర్ హ్యావింగ్ కమ్" అని బరువు పెంచాల్సిన అవసరం లేదు.

ఇంకొంచెం ముందుకు వెళ్తే, "థాంక్స్ ఫర్ ఎవ్రీథింగ్" కన్నా "థాంక్స్ ఫర్ స్టేయింగ్ లేట్ టు ఫినిష్ ద రిపోర్ట్" పదిరెట్లు మేలు. మొదటిది ఎవరికైనా చెప్పవచ్చు. రెండోది రాత్రి ఆలస్యంగా ఉండి రిపోర్టు పూర్తి చేసిన ఆ మనిషికే చెప్పగలం.

"ఐ థాంక్డ్ టు హిమ్" కరెక్టేనా?

కాదు. థాంక్ అనే క్రియకు మనిషికీ మధ్య ఏమీ రాదు: "ఐ థాంక్డ్ హిమ్", "ఐ వాంట్ టు థాంక్ మై టీచర్స్". తెలుగులో "ఆయనకి" అంటాం కాబట్టి ఆ "కి" కోసం చెయ్యి "టు" వైపు వెళ్తుంది.

"సే" వాడితే మాత్రం "టు" కావాలి: "ఐ సెడ్ థాంక్ యూ టు హిమ్". "ఐ టోల్డ్ థాంక్స్ టు హిమ్" తప్పు. "దేవుడి దయ" అనే అర్థంలో "థాంక్ గాడ్" అంటారు, "థాంక్స్ గాడ్" అనరు.

"థాంక్స్ టు" అంటే కూడా థాంక్స్ చెప్పడమేనా?

చాలాసార్లు కాదు. వాక్యం మొదట్లో "థాంక్స్ టు" వస్తే "వల్ల" అని అర్థం. "థాంక్స్ టు యువర్ నోట్స్, ఐ పాస్డ్" అంటే మీ నోట్స్ వల్ల పాసయ్యాను. మంచికే కాదు, చెడుకు కూడా వాడతారు. "థాంక్స్ టు ద రెయిన్, ద మ్యాచ్ వాజ్ క్యాన్సిల్డ్" అంటే వర్షం పుణ్యమా అని మ్యాచ్ పోయింది. ఆ "పుణ్యమా అని"లో ఉన్న ఎత్తిపొడుపు ఇందులోనూ ఉంటుంది. "థాంక్స్ టు యూ, వియ్ ఆర్ లేట్" అని ఎవరైనా మీతో అంటే "వెల్‌కమ్" అనకండి, మిమ్మల్ని తిడుతున్నారు.

పెద్ద సభలో "మెనీ థాంక్స్ టు ద ఆర్గనైజర్స్" అన్నప్పుడు మాత్రం నిజంగా కృతజ్ఞతే. అక్కడ థాంక్స్ ఎవరికో "టు" చెబుతుంది.

"అప్రీషియేట్", "గ్రేట్‌ఫుల్", "థాంక్‌ఫుల్": వీటిని ఎలా వాడాలి?

"అప్రీషియేట్"కు వెంటనే కర్మ కావాలి. "ఐ అప్రీషియేట్ యువర్ హెల్ప్" సరైనది. "ఐ అప్రీషియేట్ ఫర్ యువర్ హెల్ప్" తప్పు, ఇక్కడ "ఫర్"కు చోటే లేదు. ఏదైనా చేసిపెట్టమని మర్యాదగా అడగాలంటే "ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యూ కుడ్ సెండ్ ద ఫైల్ టుడే". ఇందులో "ఇట్" చిన్నదే కానీ దాన్ని మింగేయకూడదు. పెద్ద పెద్ద కంపెనీల మెయిళ్ళలో కూడా ఈ "ఇట్" మాయమవుతూ ఉంటుంది.

"గ్రేట్‌ఫుల్" మనిషికి "టు", పనికి "ఫర్" తీసుకుంటుంది: "ఐయామ్ గ్రేట్‌ఫుల్ టు యూ ఫర్ యువర్ సపోర్ట్". స్పెల్లింగులో జి, ఆర్ తర్వాత ఏ వస్తుంది. గొప్ప అనే అర్థమున్న "గ్రేట్" అనుకుని ఈ, ఏ రెండూ రాసేవాళ్ళు చాలామంది.

"థాంక్‌ఫుల్"లో ఊపిరి పీల్చుకున్న భావం ఎక్కువ. "ఐయామ్ థాంక్‌ఫుల్ దట్ నోబడీ వాజ్ హర్ట్" అంటే ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతే చాలు అన్నట్టు. ఒక మనిషి చేసిన మేలు గురించి చెప్పేటప్పుడు "గ్రేట్‌ఫుల్" బాగా అతుకుతుంది. రెండింటికీ ముందు "యామ్" మర్చిపోవద్దు. "ఐ థాంక్‌ఫుల్ టు యూ" అంటే క్రియ లేని వాక్యం.

లెటర్ చివర "థాంకింగ్ యూ" అని రాయవచ్చా?

తప్పు కాదు, పాతబడింది. బళ్ళో లీవ్ లెటర్ రాయడం నేర్పినప్పుడు "థాంకింగ్ యూ, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని నేర్పారు కాబట్టి చేతికి అలా వచ్చేస్తుంది. కాగితం మీద దరఖాస్తుకు ఇప్పటికీ ఇబ్బంది లేదు. మెయిల్‌లో మాత్రం "థాంక్ యూ", కింద మీ పేరు చాలు. ఇంకా నిండుగా కావాలంటే "థాంక్ యూ ఫర్ యువర్ టైమ్" అని ఒక వాక్యం రాసి, "బెస్ట్ రిగార్డ్స్" పెట్టండి.

ఇదే వరసలో "థాంక్స్ ఫర్ ద సేమ్" కూడా ఉంది. మన ఆఫీసుల్లో బాగా నడుస్తుంది కానీ బయటివాళ్ళకు ఏదో లీగల్ నోటీసు చదివినట్టుంటుంది. "థాంక్స్ ఫర్ దట్" అంటే సరిపోతుంది.

"థాంక్స్ ఇన్ అడ్వాన్స్" రాస్తే తప్పుగా అనుకుంటారా?

కొందరు అనుకుంటారు. పని చేస్తారో లేదో అడగకుండానే ముందే థాంక్స్ చెప్పేస్తే "ఇక చేయక తప్పదు" అన్నట్టు వినిపిస్తుంది. స్నేహితులకు, చిన్న పనులకు ఫరవాలేదు. మీకంటే పెద్దవాళ్ళను, లేదా చేయాల్సిన బాధ్యత లేనివాళ్ళను అడిగేటప్పుడు నేనైతే దీన్ని వాడను. "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఫర్ ఎనీ హెల్ప్ యూ కెన్ గివ్" అంటే వాళ్ళకు కాదనే వీలు ఉంటుంది, మర్యాదా ఉంటుంది. పని అయ్యాక విడిగా ఒకసారి థాంక్స్ చెప్పండి. ముందే చెప్పేశాం కదా అని రెండోసారి ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ.

"థాంక్ యూ ఫర్ యువర్ కోఆపరేషన్", "థాంక్ యూ ఫర్ అండర్‌స్టాండింగ్" కూడా ఇలాంటివే. నోటీసు బోర్డు మీద బాగుంటాయి. ఒక మనిషికి నేరుగా రాస్తే, అందులోనూ ఏదో కాదని చెప్పాక రాస్తే, వినేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

ఇంటర్వ్యూ అయ్యాక థాంక్స్ మెసేజ్ ఎలా రాయాలి?

అదే రోజు, లేదా మర్నాడు. నాలుగైదు లైన్లకు మించకూడదు. ఎక్కువగా కనిపించే నమూనా ఇలా ఉంటుంది: "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ థాంక్‌ఫుల్ టు యూ ఫర్ గివింగ్ మీ దిస్ గోల్డెన్ ఆపర్చునిటీ. ఐ విల్ బి ఎవర్ గ్రేట్‌ఫుల్. థాంకింగ్ యూ." గ్రామర్‌లో పెద్ద లోపం లేదు. కానీ ఇందులో ఆ ఇంటర్వ్యూ ఎక్కడా లేదు, ఏ కంపెనీకైనా కాపీ కొట్టి పంపవచ్చు. పైగా ఉద్యోగం ఇంకా రాకముందే జీవితాంతం రుణపడి ఉంటానంటే ఎదుటివాళ్ళకు ఇబ్బంది.

అదే విషయం ఇలా రాసి చూడండి: "డియర్ మిస్టర్ రావ్, థాంక్ యూ ఫర్ మీటింగ్ విత్ మీ దిస్ మార్నింగ్. ఐ ఎంజాయ్డ్ హియరింగ్ అబౌట్ హౌ యువర్ టీమ్ ట్రైన్స్ న్యూ పీపుల్. ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ." పొద్దున కలిసినందుకు థాంక్స్ చెప్పారు. కొత్తవాళ్ళకు ట్రైనింగ్ ఎలా ఇస్తారో ఆయన చెప్పిన ముక్క ఒకటి గుర్తు చేశారు. చదివిన ఆయనకు ఏ అభ్యర్థో వెంటనే తెలుస్తుంది. చివరి వాక్యంలో "టు" తర్వాత కూడా ఐఎన్‌జీయే వచ్చింది చూడండి, "టు హియర్" కాదు.

ఎవరైనా మనకు థాంక్స్ చెబితే ఏమనాలి?

"యూ ఆర్ వెల్‌కమ్" ఎక్కడైనా చెల్లుతుంది. మాటల్లో "యువర్ వెల్‌కమ్" లాగే వినిపిస్తుంది కానీ రాసేటప్పుడు వై, ఓ, యు, అపాస్ట్రఫీ, ఆర్, ఈ అని రాయాలి. అపాస్ట్రఫీ లేని "యువర్" రాస్తే "మీ యొక్క" అయిపోతుంది. మనలో చాలామంది ఒట్టి "వెల్‌కమ్" అంటారు. మన మధ్య నడిచిపోతుంది. బయటివాళ్ళు దాన్ని ఇంటికొచ్చినవాళ్ళను రమ్మన్నట్టు వింటారు. ముందు రెండు మాటలు కలపడానికి కష్టమేమీ లేదు.

చిన్న సాయానికి "నో ప్రాబ్లమ్", "నో వరీస్", "ష్యూర్", "ఎనీ టైమ్" అంటే హాయిగా ఉంటుంది. "నో వరీస్" ఆస్ట్రేలియా వాళ్ళ మాట, ఇప్పుడు అన్నిచోట్లా తిరుగుతోంది. "నో ప్రాబ్లమ్" అంటే పాతతరం వాళ్ళు కొందరు "ప్రాబ్లమ్ అని నేనన్నానా?" అని చిరాకు పడతారు, కాబట్టి కస్టమర్లతో, పెద్దవాళ్ళతో "యూ ఆర్ వెల్‌కమ్", "మై ప్లెజర్" నయం.

"మై ప్లెజర్", "విత్ ప్లెజర్" ఒకటి కాదు. ఎవరైనా పని అడిగితే, ఇంకా చేయకముందు "విత్ ప్లెజర్" అంటాం, సంతోషంగా చేస్తానని. పని అయ్యి వాళ్ళు థాంక్స్ చెప్పాక "మై ప్లెజర్" అంటాం.

"మెన్షన్ నాట్" అనే మాటను ఇక వదిలేయడం మంచిది. ఇంగ్లీషులో ఉన్నది "డోంట్ మెన్షన్ ఇట్". దానికి కూడా వయసు మీదపడింది, అయినా తప్పు లేదు. "నెవర్ మైండ్" ఇక్కడ పొసగదు. ఎవరైనా సారీ చెబితే, లేదా "ఆ సంగతి వదిలేయ్" అనాలంటే అది పనికొస్తుంది. "ఇట్స్ ఓకే" కూడా సారీకి జవాబుగానే ఎక్కువ నప్పుతుంది.

ఒక్కోసారి ఇద్దరూ ఒకరికొకరు మేలు చేసుకుంటారు. మీరు పుస్తకం ఇచ్చారు, ఆయన దాన్ని బాగు చేసి తిరిగి ఇచ్చాడు. ఆయన "థాంక్ యూ" అంటే మీరు "థాంక్ యూ" అని "యూ" మీద ఒత్తి పలకండి. నేనే మీకు చెప్పాలి అనే అర్థం ఆ ఒత్తులోనే వచ్చేస్తుంది. ఒత్తకపోతే ఊరికే చిలకపలుకు.

ఏదైనా ఇస్తామంటే వద్దనడం ఎలా?

"నో, థాంక్ యూ" లేదా "నో, థాంక్స్". కావాలంటే "యెస్, ప్లీజ్". ఒట్టి "థాంక్ యూ" అని ఊరుకుంటే ఎక్కువమంది ఒప్పుకున్నారనే అనుకుంటారు. ఒట్టి "నో" అంటే మొహం మీద తలుపేసినట్టుంటుంది. "ఐయామ్ గుడ్, థాంక్స్", "ఐయామ్ ఫైన్, థాంక్స్" కూడా వద్దనడమే. దీన్ని విని "గుడ్ అన్నాడు కదా" అని తెచ్చి ఇచ్చేయకండి.

సాయం చేస్తామని ముందుకొచ్చినవాళ్ళను వద్దనాలంటే ఆ ముందుకొచ్చినందుకు థాంక్స్ చెప్పండి: "థాంక్స్ ఫర్ ఆఫరింగ్, బట్ ఐ కెన్ మేనేజ్". "థాంక్స్, బట్ నో థాంక్స్" అనే మాట సరదాగా కనిపిస్తుంది కానీ అందులో వెటకారం ఉంది. తెలియనివాళ్ళ దగ్గర వాడకండి.

ఎవరైనా పొగిడితే?

"థాంక్ యూ" అని ఆగండి. కష్టమైన పనే. "నో నో, ఇట్స్ నథింగ్" అని కొట్టిపారేయాలనిపిస్తుంది, అలా చేస్తే పొగిడినవాళ్ళ అభిప్రాయాన్నే తప్పన్నట్టవుతుంది. ఇంకో మాట కలపాలనుకుంటే "దట్స్ కైండ్ ఆఫ్ యూ" లేదా "ఐయామ్ గ్లాడ్ యూ లైక్డ్ ఇట్". ఇక్కడ "ఆఫ్ యూ" అనే అనాలి, "ఫర్ యూ" కాదు. టీమ్ మొత్తం చేసిన పని అయితే "థాంక్ యూ. ద హోల్ టీమ్ వర్క్డ్ హార్డ్ ఆన్ ఇట్" అంటే అందరికీ దక్కుతుంది.

"హ్యావ్ ఎ నైస్ డే" లాంటి శుభాకాంక్షకు "థాంక్స్, యూ టూ" అనండి. కానీ "హ్యాపీ బర్త్‌డే"కు అలవాటు కొద్దీ "యూ టూ" అని నాలుక్కరుచుకునేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

బహుమతి ఇచ్చినప్పుడు, ఇంటికి పిలిచినప్పుడు?

బహుమతి తీసుకుంటూ "ఓ, యూ షుడ్ంట్ హ్యావ్!" అంటారు. ఇవ్వకూడదు అని నిజంగా కసరడం కాదు, "ఎందుకండీ ఇదంతా" అన్న మొహమాటం. దాని వెనకే "ఇట్స్ లవ్లీ, థాంక్ యూ" రావాలి, లేకపోతే నిజంగానే తప్పుపట్టినట్టు ఉంటుంది. "హౌ థాట్‌ఫుల్ ఆఫ్ యూ" అంటే మా ఇష్టం గుర్తుపెట్టుకుని తెచ్చారు అన్న మెచ్చుకోలు.

ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు అతిథి అనేది "థాంక్ యూ ఫర్ హ్యావింగ్ మీ". ఇంటివాళ్ళు అనేది "థాంక్స్ ఫర్ కమింగ్".

పెద్ద మేలు చేసినవాళ్ళకు "థాంక్ యూ" సరిపోదనిపిస్తే?

అప్పుడు గొంతు పెంచకుండా మాట మార్చండి. "ఐ కాంట్ థాంక్ యూ ఇనఫ్" అంటే థాంక్స్ చెప్పలేను అని కాదు, ఎంత చెప్పినా తక్కువే అని. "ఐ కుడ్ంట్ హ్యావ్ డన్ ఇట్ వితవుట్ యూ": మీరు లేకపోతే నావల్ల అయ్యేది కాదు. "ఇట్ మీన్స్ ఎ లాట్ టు మీ": నాకు ఇది చాలా విలువైనది. స్నేహితుల మధ్య "ఐ ఓ యూ వన్" అంటే ఈసారి నా వంతు అన్నట్టు, "యూ ఆర్ ఎ లైఫ్‌సేవర్" అంటే గండం గట్టెక్కించావు అన్నట్టు. రెండోది పెన్ను అరువిచ్చినవాడికి కూడా అంటారు, ప్రాణాలు కాపాడాల్సిన అవసరం లేదు.

వీటిలో ఒక్కటే ఎంచుకోండి. అన్నీ ఒకే మెసేజ్‌లో కుక్కితే ఏదీ నమ్మబుద్ధి కాదు.

"చీర్స్", "టా" అంటే కూడా థాంక్సేనా?

బ్రిటన్‌లో "చీర్స్" అంటే రోజువారీ థాంక్సే, చిన్న చిన్న సాయాలకు. గ్లాసులు తాకించేటప్పుడూ, వెళ్ళొస్తాననడానికీ అదే మాట. "టా" ఇంకా చనువు, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో వినబడుతుంది. అర్థమైతే చాలు, ఆఫీసు మెయిల్‌లో మనం వాడాల్సిన పని లేదు. "మచ్ ఆబ్లైజ్డ్" పాతకాలపు మర్యాద. "ఐ వుడ్ బి ఆబ్లైజ్డ్ ఇఫ్ యూ..." అని మొదలయ్యే ఉత్తరం మాత్రం సాధారణంగా కోపంగా ఉన్నవాళ్ళు రాస్తారు.

వెటకారంగా థాంక్స్ అన్నారని ఎలా పట్టుకోవాలి?

సందర్భాన్ని బట్టి, స్వరాన్ని బట్టి. మీరు ఎవరి మీదో నీళ్ళు ఒలకబోశారు, వాళ్ళు "థాంక్స్ ఎ లాట్" అని సాగదీశారు. సంగతి తెలిసిపోతుంది. "థాంక్స్ ఎ బంచ్", "థాంక్స్ ఫర్ నథింగ్" దాదాపు ఎప్పుడూ ఎత్తిపొడుపే. మొదటిదాన్ని అమెరికాలో మామూలుగా అనేవాళ్ళూ ఉన్నారు. మెసేజ్‌లో స్వరం వినపడదు కాబట్టి మీరు నిజంగా చెబుతున్నప్పుడు "ఎ లాట్" బదులు "సో మచ్" రాసి, దేనికో కూడా చెబితే అనుమానానికి తావుండదు.

రోజుకు ఎన్నిసార్లు చెప్పాలి? అతిగా చెబితే బాగుంటుందా?

ఇంగ్లీషు వాళ్ళు ప్రతిదానికీ థాంక్స్ చెబుతారని ఒక నమ్మకం ఉంది. బయటివాళ్ళతో అది చాలావరకు నిజం. లిఫ్ట్ తలుపు ఆపినవాళ్ళకు, దారి ఇచ్చినవాళ్ళకు, చిల్లర తిరిగి ఇచ్చినవాళ్ళకు అందరికీ ఒక "థాంక్స్" పడుతుంది. ఇంట్లోవాళ్ళు, స్నేహితుల మధ్య లెక్క వేరు. 2018లో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఎనిమిది భాషల్లో దగ్గరివాళ్ళ రోజువారీ మాటలను రికార్డు చేసి చూస్తే, "అది ఇలా అందుకో" లాంటి చిన్న పనులకు నోటితో థాంక్స్ చెప్పడం అన్ని భాషల్లోనూ అరుదుగానే కనిపించింది. ఇంగ్లీషు, ఇటాలియన్ మిగతావాటికంటే కాస్త ముందున్నాయి, అంతే.

కాబట్టి తెలియనివాళ్ళతో చిన్న సాయానికి కూడా వదలకుండా చెప్పండి, పొట్టిగా చెప్పండి. లిఫ్ట్ తలుపు ఆపినాయనకు "థాంక్ యూ సో వెరీ మచ్ సర్" అంటే ఆయనే కంగారుపడతాడు. ఒకే మెయిల్ థ్రెడ్‌లో మొదట ఒకటి, చివర ఒకటి, మళ్ళీ జవాబుకు ఒకటి పెట్టుకుంటూ పోవద్దు. పదిమంది ఉన్న థ్రెడ్‌లో "రిప్లై ఆల్" కొట్టి ఒట్టి "థాంక్స్" పంపేవాళ్ళ గురించి ఇక్కడ ఏమీ అనను.

పలకడంలో ఏమైనా తేడా ఉందా?

ఉంది. తెలుగు "థ" పలికేటప్పుడు నాలుక పళ్ళ వెనక గట్టిగా ఆనుతుంది, గాలి ఆగి ఒక్కసారిగా బయటపడుతుంది. ఇంగ్లీషు శబ్దంలో గాలి ఎక్కడా ఆగదు. నాలుక కొనను పై పళ్ళ అంచుకు తాకీ తాకనట్టు పెట్టి, ఆ సందులోంచి గాలి ఊదండి. సరిగ్గా వస్తోందో లేదో తెలుసుకోవడం సులువు. ఆ శబ్దాన్ని బుస కొట్టినట్టు రెండు మూడు సెకన్లు సాగదీయగలిగితే వచ్చినట్టే. తెలుగు "థ"ను అలా సాగదీయలేం.

మన "థ"తో పలికినా అందరికీ అర్థమవుతుంది, దానికోసం బెంగపడకండి. "ట"తో మాత్రం వద్దు, అది ట్యాంక్ అయిపోతుంది. "దిస్", "దట్"లో వచ్చే "ద" శబ్దం కూడా ఇక్కడ రాదు. మధ్యలో ఉన్న ముక్కుతో పలికే శబ్దం మన "అంకె"లో సున్నాలాంటిదే, కాబట్టి కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

సారీ బదులు థాంక్ యూ చెప్పవచ్చా?

కొన్నిచోట్ల అదే బాగుంటుంది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే "సారీ ఫర్ లేట్" అంటారు. ముందు ఆ వాక్యమే తప్పు, "సారీ ఐయామ్ లేట్" అనాలి. దాని బదులు "థాంక్స్ ఫర్ వెయిటింగ్" అంటే ఎదురుచూసినవాళ్ళను గుర్తించినట్టవుతుంది. మెయిల్‌కు జవాబు ఆలస్యమైతే "థాంక్ యూ ఫర్ యువర్ పేషెన్స్". నిజంగా నష్టం జరిగినప్పుడు మాత్రం ఈ తెలివి పనికిరాదు. గంటన్నర నిలబెట్టి "థాంక్స్ ఫర్ వెయిటింగ్" అంటే తిట్లు తినాల్సిందే. ముందు సారీ, తర్వాత థాంక్స్.

స్టేజీ మీద వోట్ ఆఫ్ థాంక్స్ చెప్పమన్నారు. ఎలా?

"ఐ వుడ్ లైక్ టు ప్రపోజ్ ఎ వోట్ ఆఫ్ థాంక్స్" అని మొదలుపెట్టవచ్చు, లేదా తిన్నగా "ఆన్ బిహాఫ్ ఆఫ్ ద క్లబ్, ఐ వుడ్ లైక్ టు థాంక్..." అనవచ్చు. పేర్లన్నీ ఒకే ఊపులో చదివితే జనం లేచిపోతారు. ముఖ్యమైన ఇద్దరు ముగ్గురి గురించి వాళ్ళు చేసిన పని ఒక్కోటి చెప్పి, మిగతావాళ్ళను గుంపులుగా చెప్పండి: మైకులు చూసినవాళ్ళు, కుర్చీలు వేసినవాళ్ళు. "లాస్ట్ బట్ నాట్ లీస్ట్" అనకుండా ముగిస్తే సభకే కొత్తగా ఉంటుంది.

ఇంకొకరి ద్వారా థాంక్స్ పంపాలంటే?

"ప్లీజ్ థాంక్ యువర్ మదర్ ఫర్ మీ". "ఫర్ మీ" అంటే నా తరఫున. అధికారికంగా అయితే "ప్లీజ్ కన్వే మై థాంక్స్ టు ద మేనేజర్".

చాట్‌లో పొట్టి రూపాలు వాడవచ్చా?

టీ-హెచ్-ఎక్స్, టీ-వై లాంటివి స్నేహితులకు సరే. టీ-వై-ఎస్-ఎమ్ అంటే "థాంక్ యూ సో మచ్". టీ-ఐ-ఏ అంటే ఇందాకటి "థాంక్స్ ఇన్ అడ్వాన్స్", పొట్టిది చేసినా ఆ ఇబ్బంది పోలేదు. ఉద్యోగం, చదువుకు సంబంధించిన చోట పూర్తిగా రాయండి, రెండు మాటలే కదా. చేతులు జోడించిన ఎమోజీని కొందరు నమస్కారం అనీ, కొందరు ప్రార్థన అనీ, కొందరు థాంక్స్ అనీ చదువుతారు. దాని పక్కన మాట కూడా ఉంటే మంచిది.

థాంక్స్ చెప్పడం ఆలస్యమైపోయింది. ఇప్పుడు చెబితే బాగుంటుందా?

చెప్పండి. "బిలేటెడ్ థాంక్స్" అని రాయకుండా "ఐ షుడ్ హ్యావ్ థాంక్డ్ యూ సూనర్" లేదా "ఐ హ్యావ్ బీన్ మీనింగ్ టు థాంక్ యూ" అని మొదలుపెట్టండి. ఎందుకు ఆలస్యమైందో పెద్ద కథ అక్కర్లేదు. నెలల తర్వాత చెప్పేదానికి ఒక వెసులుబాటు ఉంది. వాళ్ళ సాయం ఏమైందో కూడా చెప్పవచ్చు: "ద బుక్ యూ లెంట్ మీ గాట్ మీ త్రూ ద ఎగ్జామ్". మీరిచ్చిన పుస్తకమే నన్ను పరీక్ష గట్టెక్కించింది అని. ఆ పుస్తకం ఇంకా మీ దగ్గరే ఉంటే, దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పండి.